డెబోరా మునుం

రండి రండి, ఇట్ట దగ్గరికి జరగండి. ఆ సెల్లు కాసేపు జేబులో పెట్టు నాయనా, దానికి చెవులుండాయి గానీ కత అర్థం కాదు. ఓబయ్యా, ఆ శనక్కాయలు తర్వాత వొలుచుకుందువులే, నీ చప్పుడుకి నా మాట నాకే వినపడ్లా. అమ్మా చెంచమ్మా, మీ కోడలి సంగతి యాడికీ పోదు, రేపు తెల్లారినా ఆయమ్మ మీ కోడలే. నోళ్ళు కట్టుకోని కూచుంటే చెప్తా, మనూళ్ళో కూచోని నార్వే దేశంలో చేపలకి పేలు చూసిన పిల్ల కత.

నవ్వబాకండి. నార్వే అంటే ప్రపంచానికి పైకొస. దాని మీద ఇంక మంచు తప్ప ఊరు లేదంట. ఆడ సముద్రంలో వలలు కట్టి చేపల్ని పెంచుతారు, మనం గుంటల్లో రొయ్యల్ని పెంచినట్టు. ఆ చేపలకి పేలు పడతాయి. ఒట్టు, అబద్ధం కాదు. నీళ్ళలో కెమెరా దించి, ఏ చేపకి ఎన్ని పేలుండాయో కంప్యూటరు చేత లెక్కపెట్టిస్తారు. మన ఆడోళ్ళు అరుగు మీద కూచోని పేలు చూసుకుంటే పనిలేనోళ్ళంటాం. ఆడ దానికి కంపెనీ, కంపెనీకి మేనేజరు, మేనేజరుకి కారు.

ఆ లెక్కపెట్టే ప్రోగ్రాము రాసింది మన డెబోరా. ఆ పిల్ల కంప్యూటరు మీద వేళ్ళు పెడితే పైన తిరిగే ఫ్యాను సిగ్గుపడి ఆగిపోయేది. నార్వే చలి ఆ వైర్లోనించి వచ్చి, టేబుల్ మీద పెట్టిన టీ పొగలు కక్కతా కక్కతానే గడ్డకట్టేది. ఎండాకాలం చుట్టుపక్కలోళ్ళు మజ్జిగ చెంబులు తెచ్చి ఆ కంప్యూటరు పక్కన పెట్టుకోని పోయేవాళ్ళు, చల్లబడతాయని.

డెబోరా వాళ్ళన్న జయకుమార్. ఈ కత ఆయనదే. ముత్తుకూరు రోడ్డులో, కృష్ణపట్నం పోర్టు లారీలు తిరిగే మలుపు కాడ రొయ్యల మేత కొట్టుంది గదా, దాని పైన మిద్దె, అదే ఆయన కంపెనీ. అంతకు ముందు చెన్నైలో ఆరేళ్ళు పెద్ద ఆఫీసులో చేసినాడు. ఒక రోజు పొద్దున్నే గేటు కాడ కార్డు గీకితే గేటు తెరుచుకోలా. ఉద్యోగం పోయిందని గేటే చెప్పింది, మనిషెవురూ చెప్పలా. ఇంటికొచ్చి నెలరోజులు మంచం దిగలేదు పాపం. గడ్డం పెరిగి పెరిగి మంచం కోళ్ళకి చుట్టుకుంది.

వాళ్ళమ్మ మగ్దలీనమ్మ నాట్ల ముఠాకి మేస్త్రి. ఇరవై మంది ఆడోళ్ళని ఆటోలకెక్కించి, తెల్లారకముందే పెన్న దాటించి కోవూరు చేలల్లో దించేది. ఆ ముఠా నాటేస్తుంటే కొంగలు బెదిరి పక్క మండలానికి పొయ్యేవి. ఒకసారి గట్టు కింద కాళ్ళు బారజాపుకోని నిద్రపోయిన రైతు చుట్టూ గూడా నాటేసి పోయినారంట. ఆయన లేచి చూసుకుంటే వేళ్ళ సందున వరి పచ్చంగా ఊగతా ఉండాది.

ఆ మగ్దలీనమ్మ ఒక పొద్దు కొడుకు మంచం కాడ కూచోని అడిగింది. "ఇంతకీ నువ్వు చేసే పనేందిరా అబ్బయ్యా? ఆరేళ్ళుగా చెప్తానే ఉండావు, నాకు తలకెక్కలా."

"యాడో విదేశంలో కంపెనీకి పదిమంది పనోళ్ళు కావాలంటారమ్మా, మూడు నెలలకి. ఆ పదిమందినీ వెతికి పని చేయించాల. అది అయిపోతే ఇంకో కంపెనీ, ఇంకో దేశం."

"అంటే అడిగినోళ్ళకి, అడిగినంత మందిని, అడిగిన రోజుకి."

"అంతే."

"అది నేను ముప్పై ఏళ్ళుగా చేస్తానే ఉండాను గదరా. నీకు కాళ్ళకి బురదంటదు, అదేగా తేడా?"

జయకుమార్ ఆ రోజే గడ్డం గీసుకున్నాడు. మిద్దె బాడుగకి తీసుకున్నాడు. 'మగ్దలీనా గ్లోబల్ టాలెంట్' అని బోర్డు రాయించినాడు. రాసింది పోర్టు లారీలకి బొమ్మలేసే ఆయన. ఆయన అలవాటు కొద్దీ అటూ ఇటూ రెండు నెమళ్ళేసి, కింద 'హారన్ కొట్టుము' అని గూడా రాసిపెట్టినాడు. దాంతో మూడు నెలలు ప్రతి లారీ ఆ ఆఫీసు ముందర హారన్ కొట్టిపోయింది. ఫోన్లో జర్మనీ వాళ్ళు, మీ ఆఫీసు ఓడలో ఉండాదా అని అడిగినారు.

మొదట కూచున్నది డెబోరా. తర్వాత కోవూరు నుంచి వెన్నెల వచ్చింది, గూడూరు నుంచి పెంచలప్రసాద్ వచ్చినాడు. వెన్నెలకి బెంగుళూరు పోనీకుండా ఇంట్లో అడ్డం. పెంచలప్రసాదుకి నిమ్మకాయల మార్కెట్లో కూచోనుంటే నిమ్మకాయ మొహం వచ్చేస్తాదని భయం. ఇట్టాంటోళ్ళే, ఒకరెనక ఒకరు, ఇరవై రెండు మంది అయినారు. జర్మనీ నలుగుర్ని అడిగితే నలుగురు. దుబాయి ముగ్గుర్ని రేపటికి కావాలంటే రేపటికే. నార్వేకి మాత్రం పదిమంది, వాళ్ళకి పెద్ద డెబోరా. సగం కంపెనీ ఆ చేపల మీదే బతికింది.

కంపెనీ పెట్టిన రోజు మగ్దలీనమ్మ ప్రార్థన చేసి, కొడుక్కి ఒకే ఒక్క మాట చెప్పింది. "ఎవురి మునుమూ ఖాళీగా పడనీబాక."

మునుం అంటే మీకు తెలిసిందేగా. చేన్లో నాటేటప్పుడు ఒక్కో మనిషికి ఒక్కో పట్టె. ఆ ముఠాలో ఒకామెకి జొరమొచ్చినా, కానుపైనా ఆమె మునుం ఆపరు. అటు పక్కామె రెండు పిడికిళ్ళు, ఇటు పక్కామె రెండు పిడికిళ్ళు, ఆ పట్టె గూడా నాటేస్తారు. ఆమె అన్నం క్యారేజీ తెచ్చి గట్టు మీద పెడతారు, ఆమె వచ్చినట్టే లెక్క. కూలి ఆమె ఇంటికి చేరతాది. రైతులకీ తెలుసు, ఎవురూ తప్పనరు. ఒకసారి నాట్ల మధ్యలో అంకాలమ్మ అని ఒకామె పాము కరిచి చచ్చిపోయింది. పంతొమ్మిది రోజులు ఆమె మునుం నాటినారు. చేను ముగిసిన రోజు క్యారేజీ గట్టు మీదనించి తీసి, ఇంటికి తీసకపోయి ఆమె మొగుడి చేతిలో పెట్టినారు. ఆయన అప్పుడు ఏడ్చినాడంట. అప్పటిదాకా ఏడవలేదంట.

సరే, నార్వేలో మేనేజరు ఇంగ్రిడని ఒకామె. మన దగ్గిర అన్నం యాళకి ఆడ ఆఫీసు తెరుస్తారు. డెబోరా కంప్యూటరు తెరవంగానే ఇంగ్రిడమ్మకి డెబోరా పేరు పక్కన పచ్చ చుక్క వెలగతాది, మనిషొచ్చిందని గుర్తు. వెలగంగానే ఆమె అడిగేది, "ఈరోజు ఏం కూర?" చేపల కంపెనీ గదా, చేప మాటంటే నోరూరతాది. ఈ పిల్ల రోజూ రాసేది. ఈరోజు మామిడికాయేసి పులుసు. ఈరోజు చందువా వేపుడు. ఈరోజు మా అమ్మకి కోపమొచ్చింది, ఉత్త చారే. మొహాలు చూసుకోలేదు ఎప్పుడూ. ఈడ ఉప్పుగాలికి కెమెరాలు చెడిపోతాయి, వైరు పీతలు కొరికేస్తాయి, బొమ్మ రాదు. వారానికొకసారి గొంతు మాత్రం వినేవాళ్ళు. రాతల్లోనే వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళయినారు.

ఆ ఇంగ్రిడమ్మ ఒప్పందం కాగితంలో ఒక ముక్క రాయించుకోనుంది. ఈ పనికి డెబోరానే. ఆమె చోట ఇంకొకరు కూచోవాలంటే ముందు నాకు చెప్పాల, నేను ఒప్పుకోవాల. జయకుమార్ అది చదివే సంతకం పెట్టినాడు. అప్పుడు చెల్లెలు ఎదురుగా కూచోని జామకాయ కొరకతా ఉండాది. ఆ పిల్ల లేకుండా పోతాదని ఆయనకెట్ట తడతాది.

మూడో ఏడు వానలప్పుడు డెబోరాకి కాళ్ళు వాచినాయి. తర్వాత మొహం వాచింది. నెల్లూరు తీసకపోతే కిడ్నీలు రెండూ అయిపోయినాయన్నారు. అన్న ఇస్తానన్నాడు, కలవలా. అమ్మ ఇస్తానంది, ఆమెకి చక్కెర జబ్బుంది, కుదరదన్నారు. వారానికి మూడు రోజులు పోయి నెత్తురు కడిగే మిషను పక్కన నాలుగ్గంటలు పడుకోవాల.

మొదటిసారి మిషనుకి పోయిన రోజు జయకుమార్ నార్వేకి సెలవు చీటీ రాస్తా కూచున్నాడు. సగం రాసినాక మగ్దలీనమ్మ మిద్దెక్కి వచ్చింది.

"ఏం రాస్తుండావు?"

"చెల్లెలికి బాగలేదని."

"అయితే దాని మునుం ఖాళీగా పడేస్తావా? ఇంతమందుండి?"

వెన్నెల అప్పటికే లేచింది. "నేను కూచుంటాలే అన్నా. అక్క చేసేది నాకు తెలుసు. పొద్దుటికి అక్క వచ్చేస్తాది గదా."

జయకుమార్ రాసిందాన్ని తుడిపేసినాడు. వెన్నెల డెబోరా కుర్చీలో కూచోని డెబోరా పేరు మీద తెరిచింది. పచ్చ చుక్క వెలిగింది. ఏం కూర అని వచ్చింది. వెన్నెల వాళ్ళింట్లో నీచు వండరు. ఆ పిల్ల ఫోను తీసి కొట్టు వెనక ఇంట్లో ఉండే మగ్దలీనమ్మని అడిగింది. "పెద్దమ్మా, ఏం కూర?" "బొమ్మిడాయిల పులుసని రాయి." రాసింది. బొమ్మిడాయిలంటే ఏందో వెన్నెలకీ తెలీదు, ఇంగ్రిడమ్మకీ తెలీదు. ఇద్దరూ బాగుంటాదనే అనుకున్నారు.

అట్ట మొదలయింది. వారంలో మూడు రోజులు వెన్నెల, ఒక్కోసారి పెంచలప్రసాద్, ఒక్కోసారి జయకుమారే. పని యాడా చెడలా. కోవూరు రైతు తలకాయలు లెక్కపెట్టుకుంటాడు, ఏ తలకాయ అని అడగడు. ఇంగ్రిడమ్మ మొహం చూడకపోయినా ఒక మనిషిని మనసులో పెట్టుకోనుంది. ఆ తేడా వీళ్ళకి తట్టలా. డెబోరాకి తట్టిందేమో. ఒక రోజు మిషను నించి వచ్చి, పడుకోనే అన్నని అడిగింది. "అన్నా, నేను లేని రోజు ఆమె నాతో ఏం మాట్లాడిందో నాకు చదివి చెప్పవా."

జయకుమార్ చదివి చెప్పినాడు. ఆ పిల్ల నవ్వింది. "నేనింత బాగా మాట్లాడినానా" అనింది.

క్రిస్మసుకి ఆఫీసు ముందర కాగితం నక్షత్రం ఆ పిల్లే కట్టింది. కుర్చీ మీదికి ఎక్కనీలా ఎవురూ, కింద నించోని 'ఎడంపక్కకి, ఇంకా ఎడంపక్కకి' అని చెప్తా కట్టించింది. జనవరి ఇరవై ఒకటో తేదీ మిషను మీదనే గుండె ఆగింది. ఇరవై తొమ్మిదేళ్ళు.

ఇరవై రెండో తేదీ పొద్దున పాస్టరుగారు ప్రార్థన చేసినారు, సముద్రం పక్క సమాధుల దొడ్లో పూడ్చినారు. ఇంటికొచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోలా. వెన్నెల ఫోను మోగింది. ఆఫీసు ఫోన్లో మెసేజులన్నీ ఆ పిల్లకి గూడా వస్తాయి. నార్వేలో తెల్లారింది. "డెబోరా, నిన్న నువ్వు రాలేదు. ఏం కూర?"

జయకుమార్ గోడకానుకోని కూలబడి ఉండాడు. "చెప్పేద్దాం వెన్నెలా. ఇట్టియ్యి, నేనే రాస్తా."

ఆయనకి తెలుసు, చెప్తే ఏమవుతాదో. సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. అది ఒకటయితే ఇంకొకటుంది. ఆ పచ్చ చుక్క ఆరిపోతాది. చెల్లెలు ఈ లోకంలో ఇంకా యాడయినా ఉండాదంటే ఆ చుక్కలోనే ఉండాది.

మగ్దలీనమ్మ చాప మీదనించి కదలకుండానే అనింది. "చేను మధ్యలో ఉండాది. ముగిసేదాకా నా బిడ్డ మునుం నాటండి. అంకాలమ్మకి నాటినోళ్ళం, డెబోరాకి నాటమా?"

కాసేపటికి వెన్నెల, పాదాల కంటిన ఇసకతోనే మిద్దెక్కింది. అలవాటయిన ప్రాణం, పైనుంచి ఫోను చేసి అడిగేసింది. "పెద్దమ్మా, ఏం కూర?" అడిగినాక నాలిక కరుచుకుంది.

మగ్దలీనమ్మ చాప మీదనించే చెప్పింది. "నెత్తళ్ళ వేపుడని రాయి. దానికిష్టం."

ఆ రోజు నించి ఆ ఇంట్లో చేప వండలేదు. చారు, మజ్జిగ, అంతే. అయినా రోజూ అన్నం యాళకి ఫోనొస్తాది, రోజూ ఆమె ఒక కూర చెప్తాది. వంజరం పులుసు. కానాగంతల వేపుడు. కొరమీనుకి చింతపండు తగ్గించి మామిడికాయ జాస్తి వేసినామని రాయి. నోటితోనే ఆమె నాలుగు నెలలు వండింది. ఆ వాసనకి వీధిలో పిల్లులు వచ్చి తలుపు ముందర కూచునేవి, లోపల చూస్తే పొయ్యి చల్లంగా ఉండేది.

వారం వారం గొంతు వినాలనేది ఇంగ్రిడమ్మ. పెంచలప్రసాద్ ఒక ఉపాయం చెప్పినాడు, గొంతు పాడయింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడని రాద్దామని. రాసినారు. పదిరోజులకి నార్వే నించి పార్శిలొచ్చింది, గొంతుకి మంచిదని చేపనూనె సీసాలు ఆరు. ఎవురు తాగాల? అబద్ధం చెప్పమన్నోడే తాగాలని పెంచలప్రసాదు చేత తాగించినారు. తాగినాక వారం రోజులు ఆయన స్కూటరెనక కొంగలు ఎగరతా వచ్చినాయి.

ఫిబ్రవరిలో ఇంగ్రిడమ్మకి వాళ్ళమ్మ పోయింది. ఆ రోజు ఏం కూర అని అడగలా. పెద్ద ఉత్తరమంత రాసింది. వెన్నెల దాన్ని తెలుగు చేసుకుంటా చదివింది, మగ్దలీనమ్మ వినింది.

"ఏం రాయమంటావు పెద్దమ్మా?"

"తల్లి పోతే బిడ్డ ఏడవాల, అది దేవుడు పెట్టిన వరస. నీకు ఆ వరస తప్పలా, దానికి సంతోషపడమను. అమ్మ కట్టుకున్న బట్ట ఒకటి ఉతక్కుండా దాచిపెట్టుకోమను. కొన్నాళ్ళు వాసనుంటాది. ఆ వాసన పోయినాక ఉతకమను, అంతకుముందు ఉతికితే మళ్ళీ దొరకదని చెప్పు." చెప్పి, ఆమె తన తలగడ కింద చెయ్యి పెట్టుకుంది. ఆడ డెబోరా చున్నీ ఉండాది.

వెన్నెల అంతా ఇంగిలీషులో పెట్టింది. ఇంగ్రిడమ్మ రెండు రోజులు జవాబివ్వలా. మూడో రోజు ఒకే ముక్క రాసింది. "డెబోరా, మే నెలలో చెన్నైలో చేపల కంపెనీల మీటింగుంది. ఆడికొచ్చి, కారులో నీ దగ్గరికొస్తా. నిన్ను చూడాల."

ఆ రాత్రి గాదు, ఆ నెలంతా జయకుమారుకి నిద్రలేదు. ఒకరోజు పొద్దున వాళ్ళమ్మ అడిగింది. "నీ చేను ఎప్పుడు ముగుస్తాదిరా?"

"ఇందులో ముగిసేది లేదమ్మా. పేలు ఉండేదాకా లెక్కపెట్టాల్సిందే."

"కోతల్లేని చేను నేను చూడలేదురా అబ్బయ్యా. చూసింటే నిన్ను ఆ మాట అనకపోదును."

మే నెలొచ్చింది. పెంచలప్రసాద్ అన్నాడు, "జయన్నా, ఆమె మొహం చూసిందా? లేదు గదా. వెన్నెలని కూచోబెడదాం. గొంతు ఇంకా బాగలేదందాం. రెండు గంటలు ఓర్చుకుంటే పదిమంది నిలబడతారు. నేను మళ్ళీ నిమ్మకాయల్లోకి పోలేనన్నా."

వెన్నెల తల దించుకోనుంది. "నువ్వు చెప్తే కూచుంటా అన్నా" అనింది.

జయకుమార్ చెప్పలా, వద్దనలా. వద్దనకపోవడమే చెప్పడమయింది.

ఇంగ్రిడమ్మ కారు దిగింది. పోర్టులో క్రేను ఒకటి నడిచొచ్చినట్టుండాది ఆయమ్మ. మిద్దెక్కేటప్పుడు వాకిలికి తల తగలకుండా మూడుసార్లు మడతపడింది. ఆ రోజు ఎండ ఎట్టాంటిదంటే, తారు రోడ్డు కరిగి పోర్టు దాకా పారింది, లారీలు తెడ్లేసుకోని పోయినాయి. ఆమె మొహం వండిన రొయ్య మాదిరి ఎర్రంగా ఉండాది. వాకిట్లో వెలిసిపోయిన కాగితం నక్షత్రాన్ని చూసి నవ్వింది. "దీని గురించి రాసినావు నువ్వు, ఎడంపక్కకి ఇంకా ఎడంపక్కకి అని" అంటా లోపలికొచ్చింది.

వెన్నెల డెబోరా కుర్చీలోనించి లేచింది. ఇంగ్రిడమ్మ దగ్గిరికొచ్చి ఆ పిల్లని గుండెకి కరుచుకుంది. వదల్లా. తర్వాత సంచీలోనించి ఎర్ర ఉన్ని టోపీ తీసింది. "మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు పక్కన కూచోని నీకోసం అల్లినా. ఆమే రంగు చెప్పింది" అని వెన్నెల తలకి పెట్టింది. చెవులు మూసుకునే టోపీ, పైన ఒక కుచ్చు. నలభై మూడు డిగ్రీల ఎండలో. వెన్నెల మొహాన చెమటా కన్నీళ్ళూ కలిసి కారతా ఉండాయి, ఏది ఏదో తెలీలా.

జయకుమార్ చూస్తా నిలబడినాడు. చెల్లెలి కోసం అల్లిన టోపీ కింద ఇంకో మొహం.

ఇంగ్రిడమ్మ వెన్నెల చేతులు పట్టుకోని అడిగింది. "మా అమ్మ గౌను ఇంకా ఉతకలేదు. బయల్దేరేముందు వాసన చూస్తే చాలా తక్కువుంది. ఇప్పుడు ఉతకాలా? ఇంకా ఆగాలా? నువ్వు చెప్తే చేస్తా."

నాలుగు నెలల అలవాటు, వెన్నెల తల దానంతటదే వాకిలి కాడికి తిరిగింది. ఆడ మగ్దలీనమ్మ నిలబడుండాది. ఇంగ్రిడమ్మ గూడా అటు చూసింది.

"ఈమెవరు?"

పెంచలప్రసాద్ ఏదో అనబోయినాడు. జయకుమార్ ఆయన భుజం మీద చెయ్యేసినాడు. జయకుమారే చెప్పేసినాడు. "మా అమ్మ. గౌను మాట చెప్పింది ఈమె. కూరలు చెప్పింది ఈమె. ఈ పిల్ల డెబోరా కాదు. డెబోరా నా చెల్లెలు. చచ్చిపోయింది."

ఇంగ్రిడమ్మ వెన్నెల చేతులు ఒక్కసారిగా వదల్లా. మెల్లగా, ఒక్కో వేలూ తీసుకుంది. కుర్చీలో కూచుంది. డెబోరా కుర్చీలోనే.

"ఎప్పుడు?"

"జనవరి ఇరవై ఒకటి."

ఆమె తన ఫోను తీసింది. వేలితో పైకి తోస్తా పోయింది, తోస్తా పోయింది. నాలుగు నెలల మాటలు ఆ ఫోన్లో నించి వెనక్కి పారినాయి. జనవరి కాడ ఆగింది. పైకే చదివింది. "ఇరవై రెండు. నెత్తళ్ళ వేపుడు. మా అమ్మ ఈరోజు బాగా కుదిరిందనింది." చదివి, తల ఎత్తి మగ్దలీనమ్మని చూసింది. "ఆ రోజు మీరు భోంచేశారా?"

జయకుమార్ తెలుగులో చెప్పినాడు. మగ్దలీనమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మ పోయిందని నేను ఎవరికి చెప్పుకున్నాను? మా అమ్మకంటే ముందే పోయినామెకి చెప్పుకున్నానా?" అనింది ఇంగ్రిడమ్మ. గట్టిగా అనలా. గట్టిగా అనుంటే జయకుమారుకి రవ్వంత తేలికయ్యేది. "పనిలో ఒక్క తప్పు లేదు. ఒక్క పేను కూడా లెక్క తప్పలేదు. కానీ నేను వెళ్ళి మా ఆఫీసులో చెప్పాలి. చెప్పకుండా ఉండలేను."

"తెలుసు" అన్నాడు జయకుమార్.

"మీరెందుకు చెప్పలేదు?"

చేను, మునుం, అంకాలమ్మ, గట్టు మీద క్యారేజీ, అన్నీ ఆయన నోటిదాకా వచ్చినాయి. ఇంగిలీషులో పెట్టబోతే వట్టి మోసం మాదిరే వినపడతాయనిపించింది. "మా చెల్లెలి పేరు పక్కన ఆ పచ్చ చుక్క ఆర్పలేకపోయినా" అన్నాడు. అది ఆమెకి అర్థమయినట్టుంది. లేచి, "ఎక్కడుందో చూపించండి" అనింది.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తా, మీరు మధ్యలో అడగబాకండి. పదిహేను రోజులకి నార్వే పని చేజారిపోయింది. ఆ మాట విని జర్మనీ గూడా పోయింది. పెంచలప్రసాద్ గూడూరు పోయి నిమ్మకాయల్లో కూచున్నాడు, ఇప్పుడు ఫోన్లో మాట్లాడినా పులుపు తగలతాది. వెన్నెలకి ఇంట్లో అడ్డం తీసినారు, బెంగుళూరు పోయింది. పోయేముందు మగ్దలీనమ్మ కాడికొచ్చి, ఏం కూర పెద్దమ్మా అని అడిగితే, ఆమె ఆ రోజు నిజంగానే నెత్తళ్ళు తెప్పించి వేయించింది. వెన్నెల కోసరం కాదు, ఆ పిల్ల తినదు. ఊరికే వేయించింది. ఇరవై రెండు కుర్చీల్లో ఎనిమిది మిగిలినాయి. ఇప్పుడు జయకుమార్ ఏ దేశానికి మనిషిని పంపినా ఆ మనిషి మొహం, పేరు ముందే చూపిస్తాడు. ఒంట్లో బాగలేకపోతే, ఈరోజు ఈమె రాదని రాస్తాడు. ఆ మునుం ఆ రోజు ఖాళీగానే పడుంటాది. దాన్ని చూస్తే ఆయనకి ఏదో గుచ్చుకుంటాది గానీ, ఉండనిస్తాడు.

సరే, సమాధుల దొడ్డి కాడికి పోదాం పాండి. కతయిపోలా.

మిట్టమధ్యాహ్నం. సముద్రపు గాలి గూడా ఎండకి దడిసి రాలేదు. ఇసక మీద కోడిగుడ్డు పెడితే పిల్లయి నడిచిపోతాది, అట్ట కాలతా ఉండాది. జయకుమార్, మగ్దలీనమ్మ, ఇంగ్రిడమ్మ, వెనకాల వెన్నెల. టోపీ ఆ పిల్ల చేతిలో ఉండాది. కంచె కాడ మునెయ్య మేకలు మేపుకుంటా తుమ్మచెట్టు నీడన కూచోనుండాడు. ఆయన రోజూ ఆడే ఉంటాడు.

సిమెంటు శిలువ, దాని మీద పేరు. పేరు తెలుగులో ఉంటే ఇంగ్రిడమ్మ ఏ అక్షరం ఏదని అడిగి, ఒక్కోదాని మీద వేలు పెట్టి చదువుకుంది. తర్వాత ఫోను తీసి చూసింది. ఫోను జయకుమారుకి చూపించింది. డెబోరా పేరు, పక్కన పచ్చ చుక్క. పొద్దున వెన్నెల తెరిచింది, ఆ గందరగోళంలో ఎవురూ మూయలా.

ఇట్టాంటిది మీరు యాడన్నా చూసినారా నాయనా. సమాధి ముందర నిలబడి చూస్తే, ఆ మనిషి పనిలో ఉండాదని ఫోను చెప్తా ఉండాది.

జయకుమార్ తన ఫోన్లోనించి డెబోరా పేరు మీదకి పోయినాడు. మూసేయమంటావా అని అది అడిగింది. అవునని నొక్కాల. వేలు దగ్గరికి పోతాది, వెనక్కి వస్తాది. ఈ చుక్క కోసరం ఆయన నాలుగు నెలలు అబద్ధం మోసినాడు. పదిమంది అన్నం అనుకున్నాడు గానీ, ఒట్టేసి చెప్పమంటే అన్నం తర్వాతి మాట.

"ఏం చేస్తుండావురా?" మగ్దలీనమ్మ అడిగింది.

"క్యారేజీ ఇంటికిచ్చేస్తుండానమ్మా" అన్నాడు. నొక్కినాడు.

ఇంగ్రిడమ్మ ఫోన్లో చుక్క బూడిదరంగయింది. మగ్దలీనమ్మ ఆ ఇసకలో కూచోని, జనవరి నించి దాచిపెట్టుకున్న ఏడుపు ఏడ్చింది. కూర పేరు చెప్పేటప్పుడు మింగినవన్నీ అప్పుడు బయటికొచ్చినాయి. ఇంగ్రిడమ్మ అంత పొడుగు మనిషీ మడతపడి ఆమె పక్కన కూచుంది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. ముసలామె ఈమె చెయ్యి తీసుకోని, గౌను ఉతికినట్టు సైగ చేసి, ఇంక ఉతుక్కోమని తలూపింది.

లేచేటప్పుడు ఇంగ్రిడమ్మ వెన్నెల చేతిలో టోపీ తీసుకుంది. ఇది డెబోరాదనింది. సిమెంటు శిలువకి నెత్తిన తొడిగి, చెవుల మీదకి లాగి, కింద ముడేసింది, చలికి బిడ్డకి కట్టినట్టు. ఎర్ర కుచ్చు ఆ ఎండలో కదలకుండా నిలబడింది. మేకలు నమలడం ఆపినాయి.

అప్పుడు తుమ్మచెట్టు కింద మునెయ్య లేచినాడు. ఒంటి మీద తుండుగుడ్డ తప్ప లేదు, చెమటతో ఒళ్ళంతా మెరస్తా ఉండాది. మెల్లగా వచ్చి టోపీని ఒక పక్క నించి చూసినాడు, ఇంకో పక్క నించి చూసినాడు. కుచ్చుని వేలితో తాకినాడు. జయకుమార్ వైపు తిరిగి చానా మర్యాదగా అన్నాడు:

"అయ్యా, ఇంత ఎండలో ఉన్ని టోపీ అంటే పాపకి తల ఉడికిపోదా? వానలు పడేదాకా ఆ పాప బదులు నేను పెట్టుకుంటాలే. చలికాలం రాంగానే తెచ్చి మళ్ళీ కట్టేస్తా."